కుర్రకారుకు నిలకడ తక్కువట!

61వ రాజ్యాంగ సవరణతో 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. ఎమ్మెల్యేగా నిలబడాలంటే మాత్రం 25 నిండాల్సిందే. రాజ్యసభకైతే 30. కుర్రకారుకు ఆవేశమెక్కువ, నిలకడ తక్కువ కదా మరి! నిండు సభలో కాగితాలు చించి విసరడానికి, పోడియం మీదికి ఎగబడటానికి, పొద్దున కప్పుకున్న కండువాను సాయంత్రానికి మార్చేయడానికి ఎంత పరిణతి కావాలి! ఇన్నేళ్లు దాటితే పోటీకి పనికిరారని చట్టం ఎక్కడా అనలేదు (అంటే సభలు సగం ఖాళీ).

అన్నట్టు, ఈసారి యువతకే పెద్దపీట అని మైకు పగిలేలా చెప్పారు మన పెద్దాయన. టికెట్టు ఆయనగారి పుత్రరత్నానికే దక్కింది. కుర్రాడేలెండి, ఇంకా యాభై నిండలేదు.