చార్జింగ్ ఎక్కనంటే వినండి

చూసేవాళ్లకు నేను పిడి ఉన్న ఒక నల్లడబ్బాని. మూత విప్పితే మేము 130 మందిమి. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవున్న లిథియం సెల్స్, పదేసి చొప్పున 13 వరసలు. ఒక్కో వరస నిండితే 4.2 వోల్టులు, అన్నీ కలిస్తే 54.6. నా స్టిక్కర్ మీద మాత్రం 48 అని ఉంటుంది. తికమకంతా అక్కడే మొదలవుతుంది.

1991లో సోనీ కంపెనీ మా జాతిని మొదటిసారి బజారుకు తెచ్చింది. మమ్మల్ని కనిపెట్టిన గుడ్‌ఎనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో నోబెల్ వచ్చింది. ఆ గొప్ప అమీర్‌పేట ఎండలో ఎందుకు పనికొస్తుంది? నేను చేరింది ఇంటింటికీ భోజనం అందించే కుర్రాడి ఎలక్ట్రిక్ బండిలో. మంచివాడే పాపం. కానీ మే నెల మధ్యాహ్నమంతా తిరిగొచ్చి, చెయ్యి పెడితే చురుక్కుమంటున్న నన్ను వెంటనే ప్లగ్గుకు తగిలించేవాడు. 45 డిగ్రీలు దాటిన ఒంటితో చార్జింగ్ మాకు పడదు. కాసేపు చల్లారనివ్వాలి. సాయంత్రం ఆర్డర్లు ఆగుతాయా మరి! ఆపైన దసరాకు ఊరెళ్తూ, పూర్తిగా ఖాళీ అయిన నన్ను అలాగే వదిలేసి వెళ్లాడు. వచ్చేసరికి నా ఏడో వరస నీరసించింది.

ఇక రోజూ గొడవే. చార్జర్ మీద ఎర్ర లైటు కాసేపు వెలిగి పచ్చగా మారేది. బండి నాలుగు వీధులు తిరిగి ఆగిపోయేది. తప్పు చార్జర్‌దనుకున్నాడు. మిగతా వరసలు 4.2 చేరగానే నా లోపల కాపలా కాసే బీఎంఎస్ బోర్డు కరెంటు ఆపేస్తోందని, ఏడోది సగంలోనే ఉండిపోతోందని అతనికేం తెలుసు? స్నేహితుడి పాత బండి చార్జర్ తెచ్చాడు. దాని మీదా 48 అనే ఉంది. కానీ అది లెడ్ యాసిడ్ బ్యాటరీలది, 58, 59 వోల్టుల దాకా తోస్తుంది. ఆ రాత్రి బోర్డు అడ్డుపడకపోతే ఈ కథ చెప్పేదాన్ని కాదు.

చివరికి మెకానిక్ నన్ను విప్పాడు. మీటర్ ముళ్లు ఒక్కో వరసకూ ఆనించాడు. 4.15, 4.16, 4.15... ఏడో దగ్గర 3.58.

"చార్జర్ మంచిగనే ఉంది తమ్మీ. ఈ వరస పోయింది."

"బోర్డు తీసేసి డైరెక్ట్ ఇస్తే ఎక్కుతదంట గదన్నా?"

"ఎక్కుతది. ఇల్లు గూడ అంటుకుంటది."

ఆయన మాటలో అతిశయం లేదు. మా సెల్ లోపల ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య ఉండేది వెంట్రుక కంటే పలచని ప్లాస్టిక్ పొర. వేడికి అది కరిగితే లోపలే షార్ట్. ఒక సెల్ వేడి పక్కదాన్ని అంటిస్తుంది. మాలోనే ఆక్సిజన్ పుడుతుంది కాబట్టి దుప్పటి కప్పితే ఆరం. ఆరినట్టే ఆరి గంటల తర్వాత మళ్లీ రాజుకుంటాం. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఈ-బైక్ షోరూమ్‌లో మొదలైన మంటల పొగ పైనున్న లాడ్జీని కమ్మేసి 8 మందిని బలిగొంది. ఆ ఏడాదే కేంద్రం బ్యాటరీల భద్రతకు పెట్టిన ఏఐఎస్ 156 పరీక్షలను బిగించింది. ఏ పరీక్షైనా కొత్త బ్యాటరీకే. బోర్డు పీకేసిన పాతదాన్ని ఎవరు పరీక్షిస్తారు?

కుర్రాడు అప్పు చేసి కొత్తది కొన్నాడు. నాకు కోపం లేదు, ఏడో వరసతో బతుకు ఎలాగూ కష్టమే. మీకు చెప్పేది ఒక్కటి. మాలో ఎవరైనా చార్జింగ్ ఎక్కనని మొండికేస్తే బలవంతపెట్టకండి. ఉబ్బినా, వాసన వచ్చినా వెంటనే వాడకం మానేయండి. మంచం పక్కన, మెట్ల దగ్గర, గుమ్మానికి అడ్డంగా చార్జింగ్ పెట్టకండి. పాతబడితే చెత్తబండిలో వేయకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్ చేయించాల్సిన బాధ్యత తయారీదారులది. కొన్న షాపులోనే అడగండి.