చింత పడింది, చిత్తగించండి

మహారాజశ్రీ కాలువ గట్ల అధికారి గారి సముఖమునకు, కోనసీమ పంటకాలువ ఎడమ గట్టు రైతు బహిరంగంగా రాసుకున్న మనవి.

అయ్యా,

కార్తీకంలో వచ్చిన తుపానుకి మా గట్టు మీది చింతచెట్టు పడిపోయిన సంగతి తమరికి తెలుసు. తెలిసినట్టు ముద్ర వేసి మరీ కాగితం ఇచ్చారు. వేళ్ళు మా గట్టున, మాను కాలువకి అడ్డంగా, కొమ్మలు అవతలి గట్టున ఉన్నాయి. అవతలి గట్టు వేరే మండలం. 2002 నాటి వాల్టా చట్టం నీటినీ నేలనూ చెట్టునూ ఒక్క గొడుగు కిందికి తెచ్చిందంటారు. మా చింత ఆ మూడింటినీ ఒక్క దెబ్బకి కలిపింది గానీ, వాటి ఆఫీసులు మాత్రం కలవలేదు. తలా ఒక ఫారం ఇచ్చాయి.

చెట్టు ఎత్తెంత అని మొదటి గడి. పడుకున్న చెట్టు కదా, నా నడుం దాకా వచ్చింది, అదే రాశాను. ఛాతీ ఎత్తున, అంటే మొదలు నుంచి 1.37 మీటర్ల దగ్గర, చుట్టుకొలత ఎంత అని ఇంకో గడి. ఆ చోటు ఇప్పుడు కాలువ మీద గాల్లో ఉంది. టేపు పట్టుకుని అక్కడికి పాకడానికి తమ సిబ్బంది ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. ఎందుకు కొట్టదలచారు అన్నచోట 'మేం కొట్టలేదు, గాలి కొట్టింది' అని రాస్తే, గాలి తరఫున సంతకం ఎవరు పెడతారని అడిగారు.

నిజానికి గాలిని అనడం కూడా అన్యాయమే. చింత అంత తేలిగ్గా పడే జాతి కాదండి. 1996 నవంబరు తుపానులో చుట్టూ కొబ్బరితోటలు నేలమట్టమైనా ఇది నిలబడింది. ఏటేటా గట్టు కోసుకుపోయి వేళ్ళకింద మట్టి కాలువపాలైంది, ఈసారి పట్టు తప్పింది. గట్టుకి రాతికట్టు వేయించమని మేం పెట్టుకున్న అర్జీలు తమ బీరువాలో ఈ చెట్టంత ఎత్తున ఉండాలి. నిలబడ్డప్పటి ఎత్తు సుమండీ.

వేలం వేస్తామన్నారు. వేలానికి విలువ కట్టాలట, విలువకి కొలవాలట, కొలవాలంటే కొయ్యాలట, కొయ్యాలంటే ముందు వేలం కావాలట. అడితివాళ్ళు వచ్చి, గట్టు మీంచే చూసి, టీ తాగి వెళ్ళిపోయారు. లారీ రాదు. ట్రాక్టరు కాలువలోకి దిగితే ఒండ్రులో దిగబడుతుంది. కూలి లెక్కేస్తే వాళ్ళకి గిట్టదు. సొంత రెక్కలు కాబట్టి మాకు గిడుతుంది.

పని ఎలా చేస్తామో కూడా చెబుతాను, ఫైల్లో పెట్టించండి. ముందు చిదుగులూ చిన్న కొమ్మలూ తీసేస్తాం. ఒండ్రులో గుచ్చుకుని మానుని మోస్తున్న పెద్దకొమ్మ జోలికి చివరిదాకా వెళ్ళం, దాన్ని ముందు కోసినవాడి మీదే మాను కూర్చుంటుంది. రెండు పక్కలా ఆనుకుని మధ్యలో వేలాడే మానుకి పైభాగం నొక్కుకుని, అడుగుభాగం బిగదీసుకుని ఉంటుంది. పైనుంచే కోస్తూ పోతే రంపం ఇరుక్కుపోతుంది. అందుకే పైన కొంత గాటు పెట్టి, మిగతాది అడుగు నుంచి కోసుకురావాలి. మొదలు దగ్గర మరీ భయం. మాను తెగి బరువు తగ్గగానే వేళ్ళగడ్డ మట్టితో సహా లేచి మళ్ళీ గోతిలో కూర్చోవచ్చు. ఆ గోతిలో ఇప్పుడు పిల్లలు గోలీలాడుతున్నారు, తరిమినా పోవడం లేదు. అనుమతి ఇచ్చినా ఇవ్వకపోయినా అక్కడ కంచె మాత్రం ఇవాళే వేయించండి. కోసిన దుంగలకి మోకు కట్టి, రోడ్డు మీద నిలిపిన ట్రాక్టరుతో పైకి లాగుతాం.

ఇంత అవస్థ ఏ సరుగుడు కోసమో అయితే పడం. చింతకట్టె నిప్పు పట్టిందంటే గాడిపొయ్యి మీద ఎంత పెద్ద గుండిగైనా ఉడకాల్సిందే. ఒకప్పుడు దీని బొగ్గు తుపాకిమందులోకి కూడా వెళ్ళేది. మాంసం కొట్టువాళ్ళు మొద్దు కోసం ఇప్పటికే బేరాలాడుతున్నారు. కానీ దీన్ని పచ్చిగా ఉండగానే చీల్చాలి. నార మెలితిరిగి ఉంటుంది, ఎండేకొద్దీ గొడ్డలికి లొంగదు. చీల్చిన పేళ్ళని గాలాడేలా పేర్చి వానాకాలమంతా కప్పు కింద ఉంచితే వచ్చే ఏటి పెళ్ళిళ్ళకి అందుతాయి.

సగం వేళ్ళు ఇంకా నేలలోనే ఉండటంతో కొమ్మలు చిగిర్చాయి. అది చూసి తమ గుమాస్తాగారు, చెట్టు బతికే ఉంది కాబట్టి ముట్టుకుంటే నేరమన్నారు. వెళ్తూ వెళ్తూ పప్పులోకి సంచీడు చిగురు మాత్రం కోసుకెళ్ళారు.

కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కల్లా గోదావరికే ఆనకట్ట కట్టేశాడు. ఆయనకి ఈ ఫారాలు అందకపోవడం మా అదృష్టం.

ఇప్పుడు కాలువలు కట్టేశారు, అడుగు ఆరుతోంది. జూన్‌లో నీళ్ళొచ్చాయంటే గుర్రపుడెక్క అంతా ఈ మానుకే పేరుకుంటుంది. శివారు పొలాలకి నీరందదు, పైన గట్టుకి గండి పడుతుంది, అప్పుడు తమరే పొక్లెయిన్ తెచ్చి సర్కారు డబ్బుతో ఈ చెట్టునే తీయించాలి. అంతదాకా ఎందుకు? కట్టెని కాటా వేయించి, తమరు చెప్పిన ధర పంచాయతీలో కడతాం. శ్మశానానికి ఓ వంతు ఊరికే వేస్తాం. నీళ్ళు వదలకముందే సంతకం చేయించండి.

ఇట్లు,
ఎడమ గట్టు రైతు