శబ్దమే ప్రమాణం

గేమింగ్ డెస్క్‌టాప్ ఎంత గట్టిగా మోగితే అంత శక్తిమంతమైనదనే నమ్మకం ఈమధ్య నగర యువతలో ఒక దర్శనం స్థాయికి ఎదిగింది. తార్కికులు శబ్ద ప్రమాణమంటే ఆప్తవాక్యమని, అనగా నమ్మదగినవారి మాట అని అర్థం చెప్పారు; కొత్త సంప్రదాయం ఆ శబ్దాన్ని నేరుగా రొదకు అన్వయించి, పొగ ఉన్నచోట నిప్పు ఉన్నట్టే మోత ఉన్నచోట గ్రాఫిక్స్ పటిమ ఉంటుందని అనుమానం చేస్తుంది. ఈ లెక్కన బేరింగు అరిగిన మిక్సీ కూడా సూపర్ కంప్యూటరే కావాలి గాని, వంటింటి యంత్రాలకు ఎందుకో ఈ గౌరవం దక్కడం లేదు.

ఈ దర్శనం వర్ధిల్లడానికి మాధవరం వంటి క్షేత్రం అరుదు. 2011లో చెన్నై నగరపాలక సంస్థలో కలిసిన ఈ ఉత్తర శివారుకు ఆంధ్రవైపు సాగే జీఎన్‌టీ రోడ్డు మీద లారీల వరస ఉంది, నెల్లూరు, తిరుపతి బస్సులు బయలుదేరేందుకు 2018లో తెరిచిన బస్ స్టేషన్ ఉంది, మెట్రో రెండో దశలో రెండు మార్గాలకు మొదలు ఇక్కడే కావడంతో వచ్చిపడిన తవ్వకాలూ ఉన్నాయి. ఉదయం తుడిచిన కిటికీ గడప మీద సాయంత్రానికి వేలితో పేరు రాసుకోవచ్చు. అదే కిటికీ కింద, బల్ల అడుగున, గోడకు ఆనించి పెట్టిన కంప్యూటరు రోజంతా ఆ గాలినే పీలుస్తుంది.

పీల్చిన దుమ్ము పోయి చేరేది హీట్‌సింక్‌లో. ప్రాసెసర్ వేడిని గాలికి అప్పగించే పలుచని అల్యూమినియం రేకుల దొంతరకే ఆ పేరు. ఫ్యాన్ విప్పి చూస్తే, రేకుల మీద బూడిద రంగు పొర ఒకటి పాత పరుపులోని దూదిలా అట్టకట్టి, గోటితో లాగితే ఒకే ముక్కగా ఊడివస్తుంది. గాలి దూరే సందు మూసుకుపోగానే ప్రాసెసర్ వేడెక్కుతుంది, మదర్‌బోర్డు ఆ వేడిని చూసి ఫ్యాన్ వేగం పెంచుతుంది, వేగంతోపాటు మోత పెరుగుతుంది. అంటే ఆ మోత ముక్కు మూసుకుపోయిన ప్రాణి తీసే ఆయాసం. దాన్ని యజమాని సింహగర్జనగా వింటున్నాడు.

గర్జన మరీ భరించరానిదైనప్పుడు చేసే చికిత్సలు ఇంతకంటే చిత్రమైనవి. వైద్యుల్లో ఒక వర్గం విండోస్ తీసేసి మళ్లీ ఎక్కించమంటుంది. దానివల్ల దుమ్ము ఒక్క రేణువైనా కదలదు. ఇంకో వర్గం ఫ్యాన్ ఇరుసులో కొబ్బరి నూనె చుక్క వేస్తుంది. తలకు పట్టించే మందు దేనికైనా పనికొస్తుందని వారి విశ్వాసం. మూడో వర్గం క్యాబినెట్ పక్క తలుపు ఊడదీసి ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెడుతుంది. దీంతో లోపలి మోత వినబడకుండా పోయే మాట నిజమే, ఎందుకంటే బయటి మోత దాన్ని మింగేస్తుంది.

అన్నిటికంటే ఖరీదైన చికిత్స రంగుల దీపాలున్న కొత్త ఫ్యాన్లు కొని బిగించడం. ఇందులో కొంత న్యాయముందని ఒప్పుకోవాలి. ఫ్యాన్ వేగం రెట్టింపైతే గాలి రెట్టింపు మాత్రమే అవుతుంది గాని, అది తినే విద్యుత్తు సుమారు 8 రెట్లు, మోత సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతాయి. 10 డెసిబెల్స్ పెరిగితేనే చెవికి రెట్టింపు మోతగా తోస్తుంది. అదే, మొదటిదాని పక్కన అలాంటి ఫ్యానే ఇంకొకటి చేరిస్తే పెరిగేది 3 డెసిబెల్స్. కాబట్టి పరుగెత్తే ఒక్క ఫ్యాన్ కంటే నిదానంగా తిరిగే రెండు ఫ్యాన్లు మేలు. అయితే ఈ లెక్క గాలి లోపలికి రావడానికి దారి ఉన్న పెట్టెకే చెల్లుతుంది. భక్తులు ఎంచుకునే క్యాబినెట్‌కు ముందు భాగమంతా అద్దం. ఆ అద్దం వెనక తొమ్మిది ఫ్యాన్లు ఏడు రంగుల్లో వెలుగుతూ చాలావరకు లోపలి వేడి గాలినే ఒకదానికొకటి అందించుకుంటాయి. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఎవరు పుట్టించారో గాని, వారికి గేమింగ్ క్యాబినెట్ ముందే కలలో కనబడి ఉండాలి.

అసలు మోత ఎక్కడినుంచి వస్తున్నదో వినాలన్న ఆలోచన ఈ వైద్యుల్లో ఎవరికీ రాదు. 1816లో పారిస్‌లో రెనే లెనెక్ అనే వైద్యుడు ఒక కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె చప్పుడు విన్నాడు, స్టెతస్కోపు పుట్టుక అదే. ఆ కాగితపు గొట్టమే ఇక్కడా చాలు. వేగంతోపాటు పెరిగే హోరు గాలిది, గరగర బేరింగుది, టకటక రెక్కకు తగిలే వైరుది. ఆటలో దృశ్యం మారినప్పుడల్లా స్థాయి మార్చుకునే సన్నని కీచు చాలాసార్లు గ్రాఫిక్స్ కార్డులోని తీగచుట్టలది, దానికి ఫ్యాన్‌తో సంబంధమే లేదు, కొబ్బరి నూనె అక్కడ మరీ నిరుపయోగం. హోరే అయితే కంప్యూటరు ఆపి, ప్లగ్గు తీసి, రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని మెత్తని పెయింటు బ్రష్‌తో రేకులు దులపాలి. గోటితో పోయే పని ఇది. గొడ్డలి మాత్రం చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్ నుంచి కొత్త పెట్టెలో వస్తుంది.

అలాగని ఆ పెట్టెను ఏటా శుభ్రం చేసే రోజు లేకపోలేదు, అది ఆయుధపూజ. ఆనాడు తడిగుడ్డతో అద్దం తళతళలాడేలా తుడుస్తారు, మూడు వేళ్లతో గంధం పూసి నడుమ కుంకుమ బొట్టు పెడతారు, పై జాలీ మీద సాంబ్రాణి కడ్డీ వెలిగించి దాని బూడిదను కూడా లోపలికే సమర్పిస్తారు. తలుపు మాత్రం తెరవరు, తెరిస్తే వారంటీ పోతుందని భయం. ముందు వేలాడే బంతిపూల దండ గాలి వచ్చే ఆ కాస్త సందునూ కప్పేస్తుంది. రాత్రికి ఒక రేక ఊడి ఫ్యాన్‌లో చిక్కుకుని టకటకమనడం మొదలుపెడుతుంది, మర్నాడు గ్రాఫిక్స్ కార్డు పాతదైపోయిందని ఇంట్లో తీర్మానం జరుగుతుంది.