నేను మోసిన మనిషి

నేనొక కొయ్యకాలిని. ఇప్పుడు న్యూయార్క్ నగరంలో ఒక మ్యూజియంలో ఉంటున్నాను. నన్ను కట్టుకుని నడిచిన మనిషి పేరు గూవర్నర్ మోరిస్. గూవర్నర్ అన్నది పదవి కాదు, తల్లి పుట్టింటివారి ఇంటిపేరు.

1780లో ఫిలడెల్ఫియాలో బండి ప్రమాదం జరిగి, చక్రంలో పడిన ఆయన ఎడమ కాలిని వైద్యులు మోకాలి కింద తీసేశారు. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు. 19 ఏళ్లకే లాయరైనవాడు, 1777లో న్యూయార్క్ రాష్ట్ర రాజ్యాంగం రాసినవాళ్లలో ఒకడు. అందులోనే బానిసత్వం పోవాలన్న మాట పెట్టించాలని చూశాడట. పెట్టనివ్వలేదు. ఆయన పెరిగిన ఎస్టేటులోనూ బానిసలుండేవారు. దగ్గరనుంచి చూసినవాడి మాట కనుకే నాకు దాని మీద గురి.

1787లో పెన్సిల్వేనియా తరఫున అమెరికా రాజ్యాంగ సభకు వెళ్లాం. అక్కడ ఆయన 173 సార్లు మాట్లాడాడని లెక్క. ఎవరూ అంతగా మాట్లాడలేదు. లేచిన ప్రతిసారీ బరువు నా మీదే. సామాన్యుల మీద ఆయనకు నమ్మకం తక్కువ. సెనేటు ఆస్తిపరులది కావాలనీ, అందులోని సభ్యులు జీవితకాలం ఉండాలనీ వాదించాడు. అది నాకు నచ్చదు. కానీ ఆగస్టు 8న లేచినప్పుడు మాత్రం, ఆ మనిషిని మోస్తున్నందుకు నేను పొంగిపోయాను.

ఆరోజు చర్చ ప్రతినిధుల సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లన్నది. ఐదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కవేసి, ఆ మేరకు యజమానుల రాష్ట్రాలకు సీట్లు పెంచుతామన్నారు. బానిసలు మనుషులైతే వాళ్లకు ఓటియ్యండి, ఆస్తి అంటారా, మరి మిగతా ఆస్తిని లెక్కలోకి ఎందుకు తీసుకోరని మోరిస్ నిలదీశాడు. ఆఫ్రికా తీరం నుంచి సాటి మనుషులను ఎత్తుకొచ్చి అమ్మేవాడికి, ఆ పాపం ఎరగనివాడికంటే ఎక్కువ బలం ఎలా దక్కుతుందని అడిగాడు. స్వేచ్ఛ ఉన్నవాళ్లనే లెక్కించాలని ప్రతిపాదించాడు. పది రాష్ట్రాలు కాదన్నాయి. ఔనన్నది న్యూజెర్సీ ఒక్కటే. సొంత పెన్సిల్వేనియా కూడా చెయ్యిచ్చింది.

సెప్టెంబరులో సభ వేసిన ఐదుగురి సంఘం, రాజ్యాంగం తుది ప్రతి రాసే పని ఆయనకే అప్పగించింది. 23 అధికరణాలను ఏడుకు కుదించాడు. రాష్ట్రాల పేర్లు వరుసగా చెప్పే పీఠికను, మొత్తం ప్రజల పేరుతో మొదలయ్యేలా మార్చాడు. ఆ చేత్తోనే ఐదుకు ముగ్గురన్న వాక్యాన్నీ రాయాల్సి వచ్చింది. ఓడిన మాటను పక్కనపెట్టి, గెలిచినవాళ్ల మాటను చక్కగా రాసివ్వడం శాసనకర్త ధర్మమే కావచ్చు. నాకు మాత్రం అది ఆయన చేసిన పనులన్నిటిలోకీ కష్టమైనది.

తర్వాత పారిస్‌లో రాయబారిగా ఫ్రెంచి విప్లవం చూశాడు, సెనేటరయ్యాడు, ఈరీ కాలువ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. మాన్‌హటన్ వీధుల గళ్ల నక్షా గీయించిన 1811 సంఘంలోనూ ఉన్నాడు. 1816లో పుట్టిన ఎస్టేటు మోరిసేనియాలోనే పోయాడు.

ఆయన కాదన్న లెక్క అంతర్యుద్ధం ముగిశాక, 1868లో పద్నాలుగో సవరణతో రద్దయింది. అప్పటికి మోరిస్ పోయి దాదాపు 52 ఏళ్లు.