తీగ లాగితే

ముందుగదిలో కంప్యూటరు, వెనకగదిలో అమ్మాయి ల్యాప్‌టాప్, ఈ రెంటి మధ్య పెన్‌డ్రైవు పట్టుకుని తిరిగే మనిషొకడు. మీ ఇంట్లోనూ ఉండే ఉంటాడు. మా ఇంట్లో అది నేను. కనకమ్మ సత్రం అనే ఊళ్లో మాది పాతకాలం గోడల ఇల్లు. వైఫై రెండో గడప దాటదు. "కేబుల్ లాగి నెట్‌వర్క్ పెట్టేస్తా" అన్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు. అప్పుడే అనుమానించాల్సింది.

ఆ ల్యాప్‌టాప్ అమ్మాయి ప్లస్ టూలో ఉండగా సర్కారు ఇచ్చింది. 2011లో జయలలిత ఆ పథకాన్ని మా తిరువళ్లూరు జిల్లాలోనే మొదలుపెట్టారు. మిక్సీ, గ్రైండరు, ఫ్యాను పథకం కూడా దానితోపాటే. మిక్సీ ఇప్పటికీ చట్నీ ఆడిస్తోంది. నేను చెయ్యి పెట్టలేదు కాబట్టేనంటుంది ఆవిడ.

తిరుత్తణి పోయి కేబులు, ప్లగ్గులు, క్రింపింగ్ టూలు తెచ్చాను. కేబుల్లో ఎనిమిది సన్నతీగలు. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ... తర్వాత ఆకుపచ్చే కదా అనుకుంటాం. కాదు, నీలం! ప్లగ్గులు బోలెడు పారేశాక ఆవిడ కాగితం చూసి రంగులు చదివింది, నేను గుచ్చాను. కేబుల్ పెట్టినచోట లైటు వెలిగింది. వీధిలో మాత్రం అంతా నా ప్రతిభేనని చెప్పుకున్నాను.

లైటైతే వెలిగింది గానీ ఫైళ్లు కనబడవే! 192.168 అంటూ ఐపీ అడ్రసులు రాత్రంతా జపం చేశాను. పొద్దున అమ్మాయి చూసి నవ్వింది.

"నీ కంప్యూటరు మనిల్లు బస్టాండనుకుంటా ఉంది నాయనా. పబ్లిక్ అని పెట్టినావు, అందుకే తలుపులేసుకునింది."

నెట్‌వర్క్‌ని ప్రైవేట్ అని మార్చింది. అంతే.

ఆ హుషారులో నేను డ్రైవు మొత్తం అందరికీ షేర్ చేశాను. మీడియా స్ట్రీమింగ్ అని ఇంకేదో కనబడితే దాన్నీ ఆన్ చేశాను. టీవీ కూడా అదే నెట్‌వర్క్‌లో ఉందని ఎవడికి గుర్తు?

ఆదివారం బామ్మర్ది కుటుంబం వచ్చింది. వాళ్ల పిల్లాడు రిమోట్ ఏదో నొక్కాడు. తెరనిండా నేనే. జుట్టుకు రంగేసుకున్న రోజు, గదికి గడియపెట్టి తీసుకున్న ఫోటోలు. గడ్డం కింద చెయ్యి పెట్టి ఒకటి, నల్లకళ్లద్దాలతో ఒకటి, కిటికీలోంచి దూరంగా చూస్తూ ఇంకొకటి.

బామ్మర్ది మర్యాదస్తుడు, దగ్గాడు. మా ఆవిడ తాపీగా తెర దగ్గరికెళ్లి చూసి, "చెవికీ రంగేసినారా ఏంది?" అంది.

మీరు నెట్‌వర్క్ పెట్టుకుంటే ఒక్క ఫోల్డరే షేర్ చేయండి. అదీ చదవడం వరకే అనుమతి ఇవ్వండి. కళ్లద్దాల ఫోటోలుంటే, దయచేసి, పెన్‌డ్రైవులోనే ఉంచుకోండి.