చుక్క చెప్పనివి

నేను మొదట ఈ ఇంటి కోడలి ఫోన్‌ని. ఆమె కోఠిలో బ్యాంకు కౌంటర్లో కూర్చుంటుంది. చాన్నాళ్లు ఆమె హ్యాండ్‌బ్యాగులో టిఫిన్ డబ్బా పక్కన తిరిగాను. తర్వాత ఆమె కొత్తది కొనుక్కుని, ఇంటర్ చదివే కూతురి చేతిలో నన్ను పెట్టింది. ఇచ్చేముందు మొత్తం తుడిచేయమని పక్క కౌంటర్ ఆయన చెప్పాడు. ఆమె ఫొటోలు కాపీ చేసుకుంది, సిమ్ తీసుకుంది, తన ఖాతా తీసేసింది. బొటనవేలి ముద్ర మాత్రం నాలోనే ఉండిపోయింది. మరిచిపోయి వదిలిందో, కావాలనే ఉంచిందో నాకు తెలియదు.

ఆమెవి కొన్ని సంగతులు నాకు తెలుసు. కొన్ని సాయంత్రాలు "క్యాష్ టాలీ కాలేదు, లేటవుతది" అని ఇంటికి ఫోన్ చేసి, చిక్కడపల్లి మెట్రోలో దిగి, ఆటోలో ఇందిరా పార్కుకు వెళ్లేది. ఎవరినీ కలిసేది కాదు. ఎవరితోనూ మాట్లాడేది కాదు. బెంచీ మీద అరగంట ఊరికే కూర్చుని ఇంటికొచ్చేది. అప్పట్లో ఆమె ఎక్కడుందో మ్యాపులో చూసేవాళ్లు ఎవరూ లేరు.

కూతురి దగ్గరికి వచ్చిన రోజే నాలో లొకేషన్ షేరింగ్ పెట్టారు. దొంగతనంగా కాదు, పిల్ల ముందే. ఆపేదాకా నడిచేటట్టు పెట్టారు. అమ్మకు ఒకటి, దుబాయిలో ఉన్న డాడీకి ఒకటి. ఫోను దొరుకుతున్న సంబరంలో పిల్ల అన్నిటికీ సరేనంది. అమ్మ భయాన్ని నేను తీసిపారేయను. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువతి మీద జరిగిన ఘోరం తర్వాత ఈ నగరంలో ఆడపిల్లలున్న ఇళ్లలో చీకటి పడితే గడియారం చూడని తల్లి లేదు.

పైనుంచి ఉపగ్రహాలు నన్ను కనిపెట్టి చూస్తుంటాయని చాలామంది అనుకుంటారు. వాటికి నేనున్నట్టే తెలియదు. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు తామెక్కడున్నాయో, తమ గడియారంలో టైమెంతో చెబుతూ పోతాయి. నేను వింటాను. కనీసం నాలుగింటి మాట వినబడితే, ఏది ఎంత ఆలస్యంగా చేరిందో లెక్కగట్టి నా చోటు తేల్చుకుంటాను. ఆ కబురు ఇంకొకరికి మోసేది నేనే, పిల్ల డేటా ఖర్చుపెట్టి. 2000 మే దాకా అమెరికా ప్రభుత్వం మామూలు జనం వాడే సిగ్నల్లో కావాలనే తప్పు కలిపేది. ఇప్పుడా బెడద లేదు, ఆరుబయటైతే కొద్ది మీటర్ల తేడాతో చెప్పేస్తాను. నాలుగు గోడల మధ్యకు వెళ్తేనే చెవులు మందగిస్తాయి. అప్పుడు చుట్టుపక్కల వైఫైలనో, సెల్ టవర్లనో పట్టుకుని అంచనా వేస్తాను. అది అంచనా అని చెప్పడానికే మ్యాపులో చుక్క చుట్టూ లేత వలయం గీస్తారు. అమ్మలు వలయాన్ని చూడరు, చుక్కనే చూస్తారు.

ఒక మధ్యాహ్నం పిల్ల చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఉంది. గ్రూప్స్‌కు చదివేవాళ్లతో హాలు కిటకిటలాడుతోంది, మూలన కుర్చీ దొరికింది. చార్జింగ్ మిగుల్తుందని వైఫై ఆపేసింది. నాకు మిగిలింది టవరొక్కటే. వలయం ఉబ్బింది, చుక్క వెళ్లి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్ల మధ్య పడింది. కౌంటర్ దగ్గర్నుంచే అమ్మ ఫోన్ చేసింది.

"ఏ సినిమా?"

"ఏం సినిమా మమ్మీ?"

చివరికి పిల్ల పుస్తకం మీది లైబ్రరీ ముద్రను ఫొటో తీసి పంపాల్సి వచ్చింది. ఆ ఫొటో తీసింది కూడా నేనే. అమ్మ నమ్మింది, కాకపోతే నమ్మినందుకు సంతోషపడలేదు.

వారం తిరక్కుండానే స్క్రీన్ గార్డ్ మార్పిస్తానని నన్ను ఆబిడ్స్ వైపు ఒక మొబైల్ షాపుకు తీసుకెళ్లింది. షాపు కుర్రాడు ప్లే స్టోర్‌లో లేని యాప్ ఒకటి ఎక్కించాడు. అడ్డుచెప్పే సెట్టింగులు ఆపేశాడు, అక్షరమక్షరం చదివే అనుమతులిచ్చాడు, గుర్తు కనబడకుండా దాచాడు. "పిల్లకు తెల్వది మేడం. మెసేజులు సుత మీకొస్తయి" అన్నాడు.

ఆ రోజు నుంచి నాలోంచి పోయింది చోటు ఒక్కటే కాదు. పిల్ల రాసినవీ పోయాయి, పిల్లకు వచ్చినవీ పోయాయి. స్నేహితురాలు తన తల్లి ఆపరేషన్ గురించి అర్ధరాత్రి ఏడుస్తూ పెట్టిన వాయిస్ మెసేజ్ కూడా పోయింది. ఆ అమ్మాయి ఎవరికీ ఏ అనుమతీ ఇవ్వలేదు. అవన్నీ నేరుగా అమ్మకు చేరేవి కావు. ముందు ఎవరిదో తెలియని సర్వర్‌కు పోయి, అక్కడ కాపీ మిగిల్చి, అప్పుడు అమ్మకు వచ్చేవి. బిడ్డ క్షేమం కోసం బిడ్డ గుట్టంతా ఊరూ పేరూ లేనివాడి చేతిలో పెడుతున్నానని ఆమెకు తట్టలేదు. తట్టే మనిషే మామూలుగా. డబ్బులు లెక్కపెట్టేటప్పుడు ఎవరినీ నమ్మదు.

నేను వేడెక్కడం మొదలుపెట్టాను. మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోయేది. పిల్ల సెట్టింగుల్లో బ్యాటరీ ఎవరు తింటున్నారో చూసింది, తెలియని పేరు కనబడింది, నెట్‌లో వెతికింది. అరవలేదు, ఏడవలేదు. నన్ను వెంట తీసుకెళ్లడం మానేసింది.

అప్పటినుంచి కాలేజీ అవగానే నన్ను స్నేహితురాలి సంచిలో వేసేది. స్నేహితురాలు లైబ్రరీకి వెళ్లేది. ఇంట్లోవాళ్లకు చుక్క బుద్ధిగా చదువుకుంటూ కనిపించేది. పిల్ల ఎక్కడికి వెళ్లేదో నాకు తెలియదు. నాకు తెలియలేదంటే ఇంట్లో ఎవరికీ తెలియదనే. ఇదివరకు ఏ సాయంత్రమైనా, ఒక్క ఫోన్ కాల్‌తో పిల్ల దొరికేది. ఇప్పుడు అంత కాపలా పెట్టుకుని, పిల్ల ఎక్కడుందో చెప్పే దిక్కు లేకుండా పోయింది.

ఒక సాయంత్రం పెద్ద వాన. అశోక్‌నగర్ రోడ్లు మునిగాయి. చుక్క లైబ్రరీలో పొడిగా ఉందని అమ్మ నిబ్బరంగా ఉంది. లైబ్రరీ మూసే వేళకు చుక్క మా ఇల్లున్న రాంనగర్ వైపు రాకుండా నల్లకుంట వైపు నడిచింది. అమ్మ ఫోన్ చేస్తే ఎత్తింది స్నేహితురాలు. "ఆంటీ... ఫోన్ నా దగ్గరున్నది."

పిల్ల తడిసి ముద్దయి, మోకాలి లోతు నీళ్లలో నడుచుకుంటూ ఇల్లు చేరింది. నానమ్మ తల తుడిచింది. స్నేహితురాలి నాన్న నన్ను తెచ్చిచ్చి వెళ్లాడు. వంటగది గట్టు మీద చార్జింగ్‌కు పెట్టారు. మిగతాదంతా నా ముందే జరిగింది.

పిల్లది ఇంటర్‌లో సీఈసీ గ్రూపు. సివిక్స్ అంటే ఇష్టం. కోపమొస్తే కేసులు చెబుతుంది. ఆ రాత్రి ఖరక్ సింగ్ కేసు తీసింది. ఉత్తరప్రదేశ్‌లో పోలీసులు ఆ మనిషి ఎక్కడికి పోతున్నాడో రాసుకునేవారు, రాత్రుళ్లు వచ్చి తలుపు కొట్టేవారు. 1962లో సుప్రీంకోర్టు రాత్రి తలుపు కొట్టడాన్ని కొట్టేసింది గానీ, కదలికలు రాసుకోవడంలో తప్పు లేదంది. ఒప్పుకోని వాళ్లలో మన రాజమండ్రి మనిషి జస్టిస్ కోకా సుబ్బారావు ఉన్నాడు. వెనకాల ఒక కన్ను ఉందన్న ధ్యాస మోస్తూ తిరగడం స్వేచ్ఛగా తిరగడం కాదన్నది ఆయన వాదన సారం. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చేదాకా ఆ మాటకు గెలుపు రాలేదు.

"అంటే నేను పోలీసునా?" అంది అమ్మ.

"ఖరక్ సింగ్‌కు తెల్సు మమ్మీ, తన ఎన్క వస్తున్నరని. నాకు అది సుత తెల్వది."

అమ్మ దగ్గర జవాబు లేదు. నానమ్మ అందుకుంది. "నువ్వు పార్కుల కూసోనొచ్చిన నాడు నేనెన్నడన్న అడిగిన్నా?"

ఎవరు చెప్పారో ఆమెకు! నేనైతే చెప్పలేదు. అమ్మ మొహం చూసి పిల్ల కూడా తగ్గింది.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు పిల్లల కదలికలను వెంటాడొద్దని కంపెనీలకు చెబుతుంది. ఇంట్లో సొంత అవసరానికి వాడుకునే సమాచారం జోలికి అది రాదు. కాబట్టి గీత వాళ్లే గీసుకోవాల్సి వచ్చింది, బేరమాడుకుంటూ. నన్ను మొత్తం తుడిచేశారు. షాపు యాప్ పోయింది, దానితోపాటే అమ్మ వేలిముద్రా పోయింది. దాని మాట ఎవరూ ఎత్తలేదు. ఎప్పటికీ నడిచే షేరింగ్ బదులు, చీకటి పడ్డాక బయల్దేరితే పిల్లే వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెడుతుంది. అందులో పదిహేను నిమిషాలు, గంట, ఎనిమిది గంటలు ఉంటాయి. పిల్ల పదిహేను నిమిషాలంది. క్రాస్‌రోడ్స్ సిగ్నల్ దాటడానికే అది చాలదని అమ్మ వాదించింది, గంట దగ్గర తెగింది. చార్జింగ్ పడిపోతుంటే ముందే మెసేజ్ పెట్టాలి. క్యాబ్ ఎక్కితే 2024లో తెలంగాణ పోలీసులు తెచ్చిన టీ-సేఫ్ సేవ వాడాలి. చుక్క ఎక్కడ కనబడ్డా అమ్మ ముందు "తిన్నవా?" అని అడగాలి, "అక్కడెందుకున్నవ్?" అని కాదు. ఈ చివరిది అమ్మకు అన్నిటికన్నా కష్టంగా ఉంది.

నాకు బాగా నచ్చినది పాస్‌వర్డ్ ఏర్పాటు. పిల్ల తన ఖాతా పాస్‌వర్డ్ చీటీ మీద రాసి, కవరులో పెట్టి అంటించి, నానమ్మ బీరువాలో పెట్టింది. చెప్పిన టైముకు రాక, ఫోనూ ఎత్తకపోతే చింపి నన్ను వెతకొచ్చు. చింపితే చింపామని చెప్పాలి. నానమ్మ అప్పుడప్పుడు బీరువా తీసి కవరు అట్లాగే ఉందో లేదో చూస్తుంది, కోడలు ఇంట్లో ఉన్న రోజుల్లో ఇంకొంచెం ఎక్కువగా.

ఇందులో అన్యాయమైపోయింది డాడీ. దుబాయి మనకన్నా గంటన్నర వెనక. డ్యూటీ దిగి, రూముకు వెళ్లే బస్సులో మ్యాపు తెరిచేవాడు. రాంనగర్ గల్లీలోకి చుక్క వచ్చేదాకా చూసి మూసేసేవాడు. షేరింగ్ ఆగిపోయిన రోజు వీడియో కాల్‌లో, "నేనేం అడిగిన బిడ్డా? ఇంటికొచ్చినవా లేదా చూసుకుంటుంటి, గంతే" అన్నాడు. పిల్ల ఏమీ అనలేదు. మర్నాడు కాలేజీ మెట్ల మీద కూర్చుని ఆయనొక్కడికే షేరింగ్ తిరిగి పెట్టింది.

అమ్మకు తెలిసింది. "ఆయనకిచ్చి నాకెందుకియ్యవ్?"

"డాడీ ఎన్నడు ఫోన్ చేసి ఏ సినిమా అని అడగలే."

ఆ సాయంత్రాలు ఎక్కడికి వెళ్లిందో పిల్ల ఇప్పటికీ చెప్పలేదు. అమ్మ రెండుసార్లు నోటిదాకా తెచ్చుకుని మింగింది. వచ్చే మార్చిలో పరీక్షలు. లాసెట్ రాస్తుందట. సీటు వరంగల్‌లో వస్తే హాస్టల్లో ఉండాలి. దానికి బేరం ఇప్పట్నుంచే నడుస్తోంది. అమ్మ ఎనిమిది గంటల దగ్గర మొదలుపెట్టింది, పిల్ల పదిహేను నిమిషాల దగ్గర.