వంక లేని విమానం

మా చిన్నాయన ఏ వస్తువునూ మొదటి చూపులో కొన్న పాపాన పోలేదు. ట్రాక్టరు కొనాలని జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు తిరిగి తిరిగి, చివరికి పక్కింటాయన ట్రాక్టరునే బాడుగకు పిలుస్తాడు. పెళ్లిచూపులకు ఆయన్ను వెంటేసుకుని పోయినోడు బ్రహ్మచారిగానే తిరిగొస్తాడు. వల్లూరు టీకొట్టు బెంచీ మీద కూర్చుంటే లోకంలో దేనికైనా వంక పెట్టగలడు.

అట్లాంటి మనిషి చేతికి మా అక్క కొడుకు చిక్కినాడు. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్సు చదివి పైలట్ అవుతానన్నాడు. కడప విమానాశ్రయం మా ఊరికి దగ్గరే. 1953లో కట్టిందాన్ని బాగుచేసి 2015లో మళ్లీ తెరిచినారు. 2022లో ఫ్లయింగ్ స్కూళ్ల కోసం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎంచిన ఐదింటిలో అదీ ఒకటి. ఇంక చిన్నాయన ఆగుతాడా? "యే విమానంలో నేర్పుతారో నేను చూసేదాకా ఎవురూ ఫీజు కట్టొద్దు" అన్నాడు.

సంతలో ఎద్దు పళ్లు పట్టి చూసినట్టు, ఫోన్లో ఒక్కో విమానాన్నీ పరీక్ష చేసినాడు.

సెస్నా 152: "రెండే సీట్లు, 110 గుర్రాల ఇంజను. 1985లోనే చేసేది ఆపేసినారంట. వరసకు మనోనికి అత్తయితాది. ఎత్తే బరువంతా కలిపి 757 కిలోలు, అందులో దాని ఒళ్లే ఐదొందల దాకా. పిల్లోడూ గురువూ ఇద్దరూ సంగటి తినేవాళ్లయితే ట్యాంకు నిండా పెట్రోలు పోసేదానికి ల్యా."

సెస్నా 172: "నాలుగు సీట్లు. ఎనక రెండూ ఖాళీగా పోతే ఆ బాడుగ ఎవురిస్తారు?"

డైమండ్ డీఏ40లో జెట్ ఇంధనంతో నడిచే డీజిలు ఇంజను రకం ఉందని తెలిసి, మన ట్రాక్టరు జాతేనని మురిసినాడు. అంతలోనే మొహం మాడ్చినాడు. "రెక్క కిందుండాది. మన కడప ఎండకు నీడ యాడిది?"

ఎండ మాట మాత్రం ఉత్తది కాదు. మే నెల వేడికి గాలి పల్చబడి రెక్కకూ ఇంజనుకూ సత్తువ తగ్గుతుంది, రన్‌వే మీద ఎక్కువ దూరం పరుగెత్తాల్సొస్తుంది. అదీ ఆయనే చెప్పినాడు. ఈ మనిషి మీద పూర్తిగా కోపం తెచ్చుకోలేకపోయేది ఇందుకే.

"కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాల చిన్నాయనా, నువ్వు ఎంచేలోపల వాడు రిటైరయితాడు" అని నేనే ఒక స్కూలుకు ఫోను చేసినా. ఆయన లాక్కున్నాడు. "మీకాడ విమానాలెన్ని? ఈ పొద్దు ఎగిరేటివెన్ని? పిల్లోళ్లెంతమంది? చెడిపోతే బాగుచేసే మనిషి ఆడనే ఉంటాడా, యాడినుంచన్నా రావాల్నా?"

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "బ్రోషర్ పంపిస్తాం సార్."

రెక్క పైనున్నా కిందున్నా ఎగరడం వస్తుంది. షెడ్డులో నిలబడ్డ విమానం మాత్రం లాగ్‌బుక్కులో ఒక్క గంట కూడా రాయించదు. పిల్లల్ని ఈ చదువుకు పంపేవాళ్లు రంగూ రూపూ పక్కనపెట్టి ముందు ఆ నాలుగు ప్రశ్నలూ అడగండి. అడగడానికి మొహమాటమైతే మా చిన్నాయన ఖాళీగానే ఉన్నాడు, తీసుకుపోండి. తిరిగి పంపాలన్న తొందరేమీ లేదు.